దీని నెవ్వరెత్తవలెను?

తెల్లవారకమునుపే వాకిలి యూడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు పెట్టుట మన యిండ్లలో తరతరములుగా వచ్చుచున్న యాచారము. గృహశౌచమును గూర్చి మన పెద్దలు మనకు నేర్పని దినము లేదు. అయినను ఆ వాకిటి కెదుటనున్న వీథి విషయమున మన ధర్మమేమి యని యడిగినచో మనలో పెక్కురు తడబడుదురు. ఇంటిలోని కసవు గడప దాటిన మాత్రమున కసవు కాకపోవునా? ఈ పాఠమున మేము విచారింపదలచినది యీ యొక్క ప్రశ్నయే.

హైదరాబాదునందు నాంపల్లికిని మూసీనదికిని నడుమ ఉస్మాన్‌గంజ్ అను వర్తకస్థానము గలదు. కిరాణా దినుసులు టోకున అమ్ము దుకాణములును, సరకు దింపు బండ్లును, బస్తాలు మోయు హమాలీలును గల ఆ వీథిలో జనసమ్మర్దము మెండు. ఒకనాటి యుదయమున మేమచ్చట నొక దుకాణము మెట్ల యొద్ద కొంతసేపు నిలిచితిమి. పనివాడు దుకాణమంతయు శ్రద్ధగా ఊడ్చెను. పొట్టు, తెగిన పురికొసలు, చిరిగిన ప్లాస్టిక్ కవరులు, అన్నిటిని మెట్ల మీదుగా క్రిందికి నెట్టి రోడ్డు అంచున విడిచెను. లోపల యజమాని లక్ష్మీదేవి పటమునకు అగరువత్తులు వెలిగించుచుండెను. ప్రక్క దుకాణమున నదియే తంతు. ఆ ప్రక్కను నదియే. ఆ వీథిని చీకటితోనే యూడ్చి ముగించిన సఫాయి పనివారిలో నొక స్త్రీ, మలుపు వరకు పోయినది, వెనుకకు తిరిగి చూచెను. ఆమె యేమియు ననలేదు. తోపుడుబండిని మరలించుకొని వచ్చి మరల వంగినది.

ఆ వర్తకుని నిందించుటకు మాకు నాలుకపైకి మాట వచ్చినది. అంతలో మా చేతిలో నుండవలసిన టీ కప్పు కనబడలేదు. త్రాగిన పిమ్మట దానిని మెట్టు అంచున పెట్టి మరచితిమి; గాలి దానిని రోడ్డుమీదికి దొర్లించినది. దానిని గూడ ఆమెయే యెత్తినది. చదువరులారా, మేమీ పాఠమును న్యాయాధిపతుల యాసనమునుండి గాక, ముద్దాయిల బోనునుండి వ్రాయుచున్నామని యెరుగుడు.

దుకాణములో గడ్డిపోచ నైన సహింపనివాడు దానినే వీథిలో నేల వేయును? మేమడిగినచోట్ల నెల్ల మూడు సమాధానములు వినవచ్చినవి. "చెత్తబుట్ట లేదు" అనునది మొదటిది. "పన్ను కట్టుచున్నాము, అది నగరపాలక సంస్థ పని" అనునది రెండవది. "అందరును వేయుచుండగా నా యొక్క కప్పుతో నేమగును?" అనునది మూడవది. వీనిని క్రమముగా విచారింతము.

మొదటి మాటలో కొంత నిజమున్నది. వేలకొలది జనులు తిరుగు చోట తగినన్ని బుట్టలుంచుట అధికారుల విధి. కాని నిండు సంచిని ఇంతదూరము మోసికొని వచ్చిన చేతికి వట్టి సంచి బరువగునా? బుట్ట కనబడువరకు జేబులోనో చేసంచిలోనో నిలుపుకొనుటకు ధనమక్కరలేదు, చదువక్కరలేదు, తలపు చాలును.

రెండవ మాట మావంటి న్యాయవాదులకు ప్రియమైనది. మధ్యప్రదేశములోని రత్లాము పట్టణవాసులు తమ వీథులలోని మురుగును గూర్చి మొరపెట్టుకొనగా, ధనము లేదను సాకుతో పురపాలక సంఘము పారిశుద్ధ్యవిధిని తప్పించుకొనరాదని 1980లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ తీర్పు మహత్తరమైనదే. కాని శాసనమునకు రెండవ ప్రక్క గూడ గలదు. 2016లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన ఘనవ్యర్థముల నియమములు, వీథులలోగాని బహిరంగ స్థలములలోగాని మురుగుకాలువలలోగాని చెత్తను పారవేయరాదని, కాల్చరాదని, ప్రతివాడును తన యింటనే తడిచెత్తను పొడిచెత్తను వేరుచేసి యియ్యవలెనని, వీథివర్తకుడు తన యొద్ద నొక పాత్ర నుంచుకొనవలెనని పౌరునిమీదనే విధిని మోపినవి. అంతకు మిక్కిలి పూర్వమే, 1860 నాటి శిక్షాస్మృతి, ప్రజలకు బాధ కలిగించు కార్యము కర్తకు కొంత సౌకర్యమును లాభమును కూర్చినంత మాత్రమున క్షమింపదగినది కాదని స్పష్టపరచినది. 2024 జూలై 1 నుండి దాని స్థానమున అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితయు ఆ సూత్రమును నిలుపుకొన్నది. మెట్లమీదుగా నెట్టుట సౌకర్యమే. కాని సౌకర్యము సమాధానము కాదు. పన్ను చెల్లించినవాడు వీథిని శుభ్రపరచు సేవను కొనుచున్నాడు గాని, దానిని మలినపరచు హక్కును కొనుట లేదు.

ఇక మూడవ మాట. ఒక కవరు ఎచ్చటికి పోవునో కనిపెట్టి చూచినవారరుదు. అది గాలికి మోరీలోనికిని, మోరీనుండి నాలాలోనికిని పోవును. పేరుకొన్న కవరులు, పురికొసలు, పొట్టు కలిసి యొక ముద్దయై నీటిదారి నరికట్టును. గంటసేపు జడివాన కురిసిన తోడనే మురుగునీరు పొంగి అవే దుకాణముల మెట్లెక్కును. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఈ నగరమున వేలకొలది ప్రాణములను బలిగొన్నది. పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాలపై వరద నాపుటకు ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియైనవి. నదిని కట్టడి చేయుటకు ప్రభుత్వము జలాశయములను నిర్మింపగలిగెను. కాని ఒక్కొక్క దుకాణము ముందరి మోరీని కాపాడు జలాశయమును ఏ ఇంజనీయరును కట్టలేడు. అది ఆ దుకాణదారుని చేతిలోనే యున్నది.

ఆ ముద్దను తీయుట కెవ్వరు పోవుదురు? నగరములలో యంత్రములు వచ్చినవి, నిజమే. కాని యంత్రము చొరలేని యిరుకు సందులలో నేటికిని మనుష్యుడే దిగుచున్నాడు. మ్యాన్‌హోలులోని విషవాయువులకు ఊపిరాడక చనిపోవుచున్నాడు. రక్షణసాధనములు లేక మనుష్యుని మురుగుకాలువలో దింపుటను 2013 నాటి చట్టము నిషేధించినది. అట్లు చనిపోయినవాని కుటుంబమునకు పది లక్షల రూపాయలియ్యవలెనని 2014లో చెప్పిన సుప్రీంకోర్టు, 2023 అక్టోబరులో దానిని ముప్పది లక్షలకు పెంచినది. ఆ మరణములు ఆగినచో ఈ రెండవ తీర్పుతో పని యేమి? ఉస్మాన్‌గంజ్ మెట్లమీదనుండి జారిన కవరునకును, ఆ చీకటి గోతిలో దిగు మనుష్యునికిని సంబంధము లేదని మనమనుకొందుము. కాని నీటిదారి ఆ రెంటిని కలుపుచునే యున్నది.

ఇచ్చటనే మన విచారణ తన మూలమును చేరుచున్నది. చెత్తను వీథిలో విడుచువాడు "దీనిని మరియొకడెత్తును" అని నోరు విప్పకయే చెప్పుచున్నాడు. ఆ "మరియొకడు" ఎవడు? తరతరములుగా మన సంఘము కొన్ని కులములవారి చేతికి చీపురునిచ్చి, అది వారి జన్మధర్మమని పలికినది. 1906లో జగన్మిత్రమండలిని స్థాపించి ఈ నగరముననే అణగద్రొక్కబడినవారి యాత్మగౌరవమునకై పాటుపడిన భాగ్యరెడ్డివర్మ (1888–1939) వంటివారు ఆ యసత్యముతోనే పోరాడిరి. కులభేదమును సభలలో ఖండించి, ఇంటికి పోవు దారిలో అరటితొక్కను రోడ్డుపై వేయు విద్యావంతుడు, తన యుపన్యాసమును తానే కొట్టివేయుచున్నాడు.

1901లో కలకత్తా కాంగ్రెసు మహాసభకు వెళ్లిన గాంధీగారు, అప్పటికి న్యాయవాది, అచ్చటి మాలిన్యమును వాలంటీర్లకు చూపగా, అది పాకీవాని పని యని వారు బదులు చెప్పిరి. ఆయన వాదింపలేదు, చీపురు తెప్పించుకొని తానే శుభ్రపరచెను. జపాను దేశమున పాఠశాలలలో బాలబాలికలే తమ తరగతిగదులను తాము తుడిచి ఊడ్చుకొందురు. ఒక్కమారు స్వహస్తముతో నేలను తుడిచినవాడు దానిని మలినపరచుటకు వెనుదీయును. ఏలయన ఆ మాలిన్యమునకు వెనుక నొక వంగిన నడుము గలదని వానికి తెలియును.

కావున ఈ పాఠమును చదివినవారు మూడు నియమములను స్వీకరింపవలెనని మా కోరిక. మొదటిది: తన చేతినుండి వచ్చిన వ్యర్థమును తగిన చోటు దొరకువరకు తనయొద్దనే యుంచుకొనుట. రెండవది: ఇల్లయినను దుకాణమైనను, ఊడ్చిన కసవును గడప దాటింపక, తడి పొడి వేరుచేసి చెత్తబండివారి కందించుట. మూడవది: వారమున కొక్కసారియైన తన యెదుటి వీథిభాగమును తానే, పనివానిచే గాక, శుభ్రపరచుట. మూడవది కష్టముగా తోచినచో, ఏల కష్టముగా తోచుచున్నదో యని యెవరికి వారు ప్రశ్నించుకొనవలెను. చేతులు నొచ్చునని జంకుచున్నామా? పొరుగువారు చూతురని జంకుచున్నామా? సమాధానము రెండవదైనచో, మనలో సంస్కరింపవలసినది వీథి యొక్కటియే కాదు.

మేము మరునాడు అదే త్రోవను పోయితిమి. కప్పును చేత పట్టుకొనియే రెండు సందులు నడచి, యొక బుట్టను చూచి అందు వేసితిమి. ఇది గొప్ప కార్యమని చెప్పుట లేదు. ఆ స్త్రీ ఆ దినమున మా కొరకు వంగవలసిన పని ఒక్కటి తగ్గినదని మాత్రము చెప్పుచున్నాము. చేతిలోనిది నేలపై విడుచుటకు ముందు ప్రతివాడును తన యంతరాత్మ నొక్క ప్రశ్న యడుగుగాక: దీని నెవ్వరెత్తవలెను?