నాకేం కాలేదని లేవొద్దు

నెల్లూరు

చిరంజీవి పెంచలయ్యకు పెదనాయన ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్‌లో అంతా చెప్పింది. కావలి ట్రంక్ రోడ్డులో ఆగి ఉన్న కారు తలుపు ఉన్నట్టుండి తెరుచుకోవడం, నువ్వు దానికి తగిలి రోడ్డు మధ్యకి పడటం, వెనకొచ్చే లారీ ఆయన సమయానికి బ్రేకు తొక్కడం. ప్రాణంతో ఉన్నావు, నాకు అదే పదివేలు. కాలర్ బోన్ అతుక్కుంటుంది. నా మనసును కలచివేసింది ఆ తర్వాతి సంగతి. పడ్డవాడివి పడ్డట్టే లేచి, "నాకేం కాలేదు, షాపుకు టైమైంది" అంటూ సైకిల్ నడిపించుకుని బయల్దేరావట. టీ అంగడి ఆయన చెయ్యి పట్టి కూర్చోబెట్టకపోతే అలాగే పోయేవాడివట.

దెబ్బ తగిలిన వెంటనే ఒళ్లు నిజం చెప్పదు అబ్బయ్యా. ఆ అదురుకి ఒంట్లో అడ్రినలిన్ పెరిగి నొప్పిని కాసేపు తెలియనివ్వదు. ఎముక విరిగినవాడు కూడా లేచి నాలుగడుగులు వేస్తాడు. తలకు దెబ్బ తగిలినప్పుడు ఈ తీరు మరీ ప్రమాదం. పుర్రెకీ మెదడు పైపొరకీ మధ్య రక్తనాళం తెగిన మనిషి కాసేపు స్పృహ తప్పి, మళ్లీ తేరుకుని మామూలుగా మాట్లాడొచ్చు, ఇంటికెళ్లి అన్నం కూడా తినొచ్చు. లోపల మాత్రం రక్తం పేరుకుని మెదడును నొక్కుతూనే ఉంటుంది. తలనొప్పి అంతకంతకూ పెరగడం, పదేపదే వాంతులు, వేళకాని మగత, మాట తడబడటం, ఒక కంటిపాప రెండోదానికంటే పెద్దదవడం, ఒక పక్క కాలూ చెయ్యీ పట్టు తప్పడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగకూడదు, సీటీ స్కాన్ ఉన్నచోటికి పోవాల్సిందే. "అలిసిపోయి పడుకున్నాడులే, లేపొద్దు" అని ఇంట్లోవాళ్లు జాలిపడితే అసలుకే మోసం వస్తుంది.

కడుపు సంగతీ అంతే. మా బడిలో పనిచేసిన ఒక మాస్టారి సైకిల్‌కి హ్యాండిల్ గ్రిప్పు అరిగిపోయి ఇనప గొట్టం అంచు బయటికి వచ్చి ఉండేది. పడ్డప్పుడు ఆ అంచు పక్కటెముకల కింద ఎడమవైపు పొడుచుకుంది. పైకి నెత్తురు లేదు, గీత లేదు, గుండ్రంగా కమిలిన మచ్చ ఒక్కటే. సాయంత్రానికి ఒళ్లు చల్లబడి చెమటలు పట్టాయి. ప్లీహం చిట్లి కడుపులోనే రక్తం పోతోందని స్కానింగ్‌లో తేలింది. ఆపరేషన్ చేసి బతికించారు. గ్రిప్పుల జత ఖరీదెంత? ఇంట్లో చిన్నపిల్లల సైకిళ్లు ఉంటే ఇవాళే చూడు. ఈ రకం దెబ్బ వాళ్లకే ఎక్కువ.

నువ్వు రోజూ ఆ రోడ్డు మీద తిరిగేవాడివి, రేపు నీ కళ్లముందు ఇంకెవరో పడొచ్చు. మనవాళ్లది మంచి మనసు. ఎవరైనా పడితే పదిమంది పరిగెత్తుకొస్తారు. కానీ రాగానే చంకల కింద చేతులేసి లేపి కూర్చోబెడతారు, ముఖాన నీళ్లు కొడతారు, గోళీసోడా తెచ్చి తాగిస్తారు. ఆనక ఆటోలో కాళ్లు ముడిచి కూలేస్తారు. మెడ ఎముకకి దెబ్బ తగిలి ఉంటే ఆ లేపడంలోనే వెన్నుపాము దెబ్బతినొచ్చు. మగతలో తాగించిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ఆపరేషన్ అవసరమైతే మత్తు ఇవ్వడానికీ అడ్డమవుతాయి. మీదికి బండ్లు రాకుండా ఇద్దరు నిలబడి దారి మళ్లించడం, తల కదలకుండా రెండు చేతులతో పట్టుకోవడం, నెత్తురు కారేచోట శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి ఉంచడం, 108కి ఫోన్ చేయడం. చేయాల్సింది ఇంతే. 2005 నుంచీ మన రాష్ట్రంలో తిరుగుతున్న ఆ బండిలో పడుకోబెట్టి మెడకు పట్టీ వేసే మనుషులుంటారు.

"సాక్ష్యమని స్టేషన్ చుట్టూ తిప్పుతారేమో" అని వెనక్కి తగ్గేవాళ్లకు నువ్వే చెప్పు. సాయం చేసినవాళ్లను వేధించకూడదని 2016లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలకు చట్టబలం ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ పెట్టి ఆ రక్షణను ఖాయం చేశారు. ఇష్టం లేకపోతే పేరు కూడా చెప్పనక్కర్లేదు. అంతకు చాలాముందే, 1989లో, పరమానంద్ కటారా కేసులో అదే కోర్టు పోలీసు కాగితాలకోసం ఏ డాక్టరూ వైద్యం ఆపకూడదని తీర్పిచ్చింది. స్కూటర్ ప్రమాదంలో గాయపడ్డ మనిషిని దగ్గర్లోని ఆసుపత్రి చేర్చుకోకుండా దూరం పంపేస్తే, దారిలోనే ప్రాణం పోయిన ఘటన మీద వచ్చిన కేసది. మన కావలికి ఈ సంగతి మరీ ముఖ్యం. తల దెబ్బలకు నెల్లూరు పోవాలంటే యాభై కిలోమీటర్ల పైమాటే. తొలిగంట దారిలోనే గడిచిపోతుంది కాబట్టి ముందు ఏరియా ఆసుపత్రిలో ఊపిరి, రక్తం సరిచూసి పంపితేనే ఆ ప్రయాణానికి మనిషి తట్టుకుంటాడు.

ఇక కాగితాలు. కారాయన మంచోడు, ఐదువేలు చేతిలో పెట్టాడు, కేసొద్దన్నాడని అమ్మ చెప్పింది. మంచోడే కావచ్చు. అయినా ఆసుపత్రిలో ఎమ్మెల్సీ, అంటే మెడికో లీగల్ కేసు, రాయించావో లేదో కనుక్కో, బండి నంబరు, టీ అంగడి ఆయన ఫోన్ నంబరు రాసిపెట్టు, రసీదులు పారేయకు. కారుకు థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఉండాలన్నది చట్టం. అది నీలాంటివాడి కోసమే. కేసు పెట్టడం ఆయన మీద పగ తీర్చుకోవడం కాదు. ట్రిబ్యునల్‌లో క్లెయిము ప్రమాదం జరిగిన ఆరు నెలల లోపు వెయ్యాలని ఇప్పటి చట్టం చెబుతోంది. 2025 మే నుంచి మోటారు బండి వల్ల గాయపడ్డవాళ్లకి, నిర్ణయించిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల వరకూ లక్షన్నర దాకా నగదు లేని వైద్యం కూడా ఉంది. గుద్దినవాడు ఆగకుండా పోయినా, గట్టి గాయమైతే 50 వేలు, ప్రాణం పోతే కుటుంబానికి 2 లక్షల పరిహారం ఉంది. ఇవన్నీ పోలీసు రికార్డు మీద ఆధారపడినవే.

పుత్తూరు కట్టు కట్టించమని మీ నాయన అంటున్నాడట. తరాలుగా ఎంతోమంది అక్కడికి వెళ్లి నయమై వచ్చారు, ఆ నమ్మకాన్ని నేను తీసిపారేయను. కానీ ఎక్స్‌రే లేకుండా ఏ కట్టూ వద్దు. చర్మం చీలి ఎముక బయటపడ్డ దెబ్బకీ, తలకీ, వెన్నుకీ అసలే వద్దు. నీ మణికట్టు కూడా నొప్పిగా ఉందంటున్నావు. బొటనవేలి మొదట్లో చిన్న పల్లంలో నొక్కితే కలుక్కుమంటే మళ్లీ చూపించు. అక్కడి చిన్న ఎముక విరిగితే మొదటి ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు, పది రోజులాగి తీస్తే బయటపడొచ్చు. వదిలేస్తే అతుక్కోకపోవచ్చు. పానా పట్టి బతకాల్సిన చెయ్యి అది.

కాలర్ బోన్‌కి మామూలుగా ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. డాక్టరు చెప్పినంతవరకూ బెల్టు తీయకు. అలాగని చేతిని మొద్దుబారనివ్వకు. వేళ్లు, మోచెయ్యి ఆయన చెప్పినట్టు రోజూ కదుపు. ఏసీ పని నేర్చుకునే కుర్రాడివి, వెనకబడిపోతానని నీ తొందర నాకు అర్థమవుతుంది. షాపుకెళ్లి బల్ల దగ్గర కూర్చుని గ్యాస్ ప్రెషర్లు, వైరింగూ నేర్చుకో. ఏసీ ఔట్‌డోర్ యూనిట్ భుజానికెత్తి మేడ మెట్లెక్కడం మాత్రం డాక్టరు సరేననేదాకా వద్దు.

భయం సంగతి నువ్వు ఎత్తలేదు, నేనే ఎత్తుతున్నా. ఏ కారు తలుపు చప్పుడైనా ఉలిక్కిపడతావు, రాత్రి అదే దృశ్యం కళ్లలో తిరుగుతుంది. కొన్ని వారాల్లో తగ్గిపోవడం సహజం. నెల దాటినా నిద్ర పట్టకపోతే, ఆ రోడ్డంటేనే ఒళ్లు వణికితే, అదీ గాయమే. దానికీ డాక్టర్లున్నారు, చెప్పుకోవడానికి సిగ్గుపడకు. మళ్లీ సైకిలెక్కేటప్పుడు తెల్లారుజామున, బండ్లు తక్కువున్నప్పుడు, తుమ్మలపెంట వైపు పోయి రా. ట్రంక్ రోడ్డు ఆఖర్న.

అప్పుడు కూడా ఆగి ఉన్న కార్లకి తలుపు పూర్తిగా తెరుచుకున్నా తగలనంత దూరంలో పో. వెనక బండి హారన్ కొట్టిందని కార్లకి ఆనుకుని దూరకు. నువ్వే ఎప్పుడైనా కారు నడిపితే ఒకటి గుర్తుంచుకో. నెదర్లాండ్స్‌లో తలుపుకు దూరంగా ఉన్న చేత్తో తలుపు తీయమంటారు. మన కార్లలో డ్రైవరుకి అది ఎడమచెయ్యి. అలా తీసేసరికి ఒళ్లు తిరిగి కళ్లు వాటంతటవే వెనక రోడ్డు మీద పడతాయి.

హెల్మెట్ కొనడానికి డబ్బు పంపుతున్నా. అది ఒక్కసారి గట్టిగా నేలకి తగిలితే లోపలి థర్మాకోల్ నలిగిపోతుంది, పైకి బాగానే ఉన్నా మళ్లీ వాడకూడదు. నీ సైకిల్ ఫోర్కు వంగిందట. దాన్ని కొట్టి సాపు చేయిస్తే ఇనుము అక్కడే బలహీనమవుతుంది, కొత్తది వేయించాలి. వచ్చే ఆదివారం నేనే వచ్చి చూస్తా. అప్పటిదాకా మీ తమ్ముణ్ణి దాని మీద ఎక్కనివ్వకు.

మీ పెదనాయన