వాన లెక్కయు పంచాయతి పనియు



గడచిన సర్వసభ్య సమావేశమున నొక వృద్ధ సభ్యుడు నన్ను నిలువదీసి అడిగెను: "అయ్యా, లోకమంతయు వేడెక్కుచున్నదని మీరు చెప్పుచున్నారు. అది మన పొయ్యిలోని పొగవలన వచ్చినది గాదు, మనము మానిన మానునది గాదు. ఇక మన పంచాయతి దానికేమి చేయగలదు?" నాడు సభలో నేను చెప్పిన జవాబు నాకే తృప్తి నీయలేదు. కావున ఇచ్చట నిదానముగా చెప్పెదను.

ఆయన మాట సగము నిజము. పందొమ్మిదవ శతాబ్దపు చివరనుండి నేటివఱకు భూమిమీది వేడిమి సగటున ఒక డిగ్రీకి మించి పెరిగినది. దానిని ఏ యొక్క గ్రామమును తగ్గింపజాలదు. అయితే వేడిగాలి చల్లగాలికంటె ఎక్కువ ఆవిరిని మోయును. డిగ్రీకి నూటికి ఏడు వంతుల చొప్పున ఎక్కువ. అందుచేత వాన పడిన దినమున కుండపోతగా పడుటయు, పడని దినములు పొడవగుటయు తఱచగుచున్నవి. ఏడాది మొత్తము తగ్గకపోయినను, పది పదునులుగా రావలసిన వాన మూడు దెబ్బలలో వచ్చి పోయినయెడల రైతునకది కఱవే. ఆ వాన మన పొలిమేరలో నిలుచునా, యేటిపాలగునా, నిలిచినదానిని ఎవరు వాడుకొందురు అనునది మాత్రము ఊరి చేతిలోని పనియే.

మహారాష్ట్రములో, 2024లో అహిల్యానగరమని పేరు మార్చబడిన అహమద్‌నగర్ జిల్లాలో, హివరే బజార్ అను గ్రామము కలదు. పడమటి కనుమలకు తూర్పున నున్న వానచాటు నేల. ఏటికి సుమారు నాలుగు వందల మిల్లీమీటర్లు, అనగా పదునాఱు అంగుళముల వాన. మన అనంతపురపు వానయే దానికంటె ఎక్కువ. 1972 నాటి కఱవు తరువాత ఆ యూరి కొండలు బోడులై, బావులు అడుగంటి, జనులు కూలికై వలసపోయిరి. 1989-90 ప్రాంతమున పోపట్‌రావ్ పవార్ అను చదువుకొన్న యువకుని గ్రామస్థులు సర్పంచిగా నెన్నుకొనిరి. తరువాత గ్రామసభ అయిదు కట్టుబాట్లు చేసికొనెను: చెట్టు నఱుకరాదు, పశువులను విచ్చలవిడిగా మేపరాదు, మద్యము కూడదు, కుటుంబము మితముగా నుండవలెను, ఇంటింటివారు శ్రమదానము చేయవలెను. ఉపాధి హామీ పనుల సొమ్ముతోను, 1994లో ఆదర్శగ్రామ పథకము క్రింద వచ్చిన సాయముతోను కొండవాలున సమమట్టపు కందకములు త్రవ్విరి, గట్లు వేసిరి, ఊటకుంటలు కట్టిరి. మేతను కొడవలితో కోసికొని పోవలెనే గాని మందను తోలరాదు గనుక గడ్డి వేళ్లూని కొండమన్నును పట్టుకొనెను. 1990ల నడుమ దినమునకు నూటయేబది లీటర్లున్న పాలు కొన్ని యేండ్లకు నాలుగు వేల లీటర్లకు వచ్చినవని ప్రచురితమైన లెక్కలు చెప్పుచున్నవి. పవార్ గారికి 2020లో పద్మశ్రీ బిరుదము లభించెను.

ఇంతవఱకు వినినవారు "చెట్లు నాటిరి, బాగుపడిరి" అని తలచి ఇంటికి పోవుదురు. నా యభిప్రాయమున ఆ యూరివారు చేసిన కష్టమైన పని అది గాదు. సేద్యమునకు బోరుబావి వేయరాదని వారు కట్టడి చేసికొనిరి. చెఱకు, అరటి వంటి దప్పిగొన్న పంటలను విడిచిపెట్టిరి. ఏటేట వానలు వెనుకబట్టిన పిమ్మట, కురిసిన వానను బావులలోని మట్టమును కొలిచి, త్రాగునీరు ముందుగా తీసి పక్కకు బెట్టి, మిగిలినదానికి సరిపడు పైరులనే వేయుటకు గ్రామసభలో తీర్మానించుచు వచ్చిరి. వాన తక్కువైన యేడు రబీ విస్తీర్ణమును తగ్గించుకొనిరి. కందకము త్రవ్వుట పదిమంది చెమట. లోతు బోరు ఒక్కని దాహము. రెండవదానికి అడ్డు లేనిచోట మొదటిది వ్యర్థము.

ఈ మాట నేను పుస్తకములో చదివి చెప్పుట లేదు. పదునెనిమిది యేండ్ల క్రిందట నా బావమఱిదికి బోరు వేయించుకొమ్మని సలహా యిచ్చినవాడను నేనే. నూట ఎనుబది అడుగులలో జల పడినది. ఆ యేడు ఇంటిల్లిపాదియు నన్ను పొగడిరి. మఱు రెండేండ్లకు పొరుగు చేనివాని దిగుడుబావి ఎండెను. అతడు అప్పుచేసి మూడు వందల అడుగులు వేసెను. అంతట మావాని బోరు గాలి యూదెను. ఇప్పుడా యిద్దఱికిని మాటలు లేవు. బావిగట్టున నున్న చింతచెట్టు కూడ అప్పు క్రింద పోయినది. ప్రక్క బావిలో ఎంత నీరున్నదో నేను ఆనాడు చూడలేదు, అడుగను కూడ లేదు.

ఇక లెక్క చెప్పెదను. పలక బలపము తీసికొని కూర్చుండుడు. ఒక మిల్లీమీటరు వాన ఒక యెకరముపై పడిన నాలుగు వేల లీటర్లకు కొంచె మెక్కువ. రెండువేల అయిదు వందల యెకరముల గ్రామమున నాలుగు వందల మిల్లీమీటర్లు కురిసిన, మొత్తము సుమారు 40 లక్షల ఘనపు మీటర్లు. ఘనపు మీటరనగా వేయి లీటర్లు. ఇది విని గ్రామము సముద్రమని తలపకుడు. ఇందు అధికభాగము ఎండకు ఆవిరియగును, పైరు పీల్చును, వాగున బడి పోవును. మన గ్రానైటు రాతినేలలో భూమి లోపలికి దిగునది ఇంచుమించు పదింట ఒక వంతు, అనగా 4 లక్షలు. జనము 1,500 మంది, తలకు దినమునకు 55 లీటర్ల చొప్పున, ఏటికి 30 వేల ఘనపు మీటర్లు. పెద్ద పశువులు 600, ఒక్కొక్కదానికి 50 లీటర్ల చొప్పున 11 వేలు. మిగిలినది 3 లక్షల 59 వేలు. దీనిని వేసవివరికి పెట్టి, ఎకరమునకు 1,200 మిల్లీమీటర్ల తడి వేసికొన్న, తడియునది 74 ఎకరములు! అదే నీటిని 400 మిల్లీమీటర్లతో పండు ఆరుతడి పైరుకు పెట్టిన 220 ఎకరములు తడియును. వరిమడినీరు కొంత మరల భూమిలోనికే దిగును గనుక ఇది మోటులెక్క. అయినను దారి చూపుటకు చాలును. మీ గ్రామమున బోరు క్రింద నున్న వరి యెంతయో మీరే యెంచుకొనుడు. నేను రెండు గ్రామములలో ఎంచితిని, పిమ్మట కొంతసేపు ఎవరును మాటాడలేదు.

మనవారికిది చేతగాదని యనకుడు. 2003 మొదలు కొన్ని యేండ్లు అనంతపురము, కడప, కర్నూలు, చిత్తూరు, ప్రకాశము, మహబూబునగరు, నల్లగొండ జిల్లాలలో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, రైతులే భూగర్భజలమును నిర్వహించుకొను పథకము నడిచెను. స్త్రీలును పురుషులును వర్షమాపకమును చదివిరి, బావిలో మట్టము కొలిచిరి, రబీకి ముందు కూడి పంట-నీటి లెక్క వేసికొనిరి. అచ్చట నిషేధము లేదు. లెక్క నలుగురికి తెలియుటయే గలదు. పలుచోట్ల రైతులు తమంతట తామే నీటివాడుక తగ్గించిరి. హివరే బజార్ చిన్న గ్రామము, ఒక్క మాటపై నిలిచెను. పార్టీలును పట్టింపులును గల మన గ్రామములలో నిషేధముతో మొదలిడిన తగవగును. లెక్కతో మొదలిడుట మేలని నాకు తోచుచున్నది.

అధికారము లేదను సాకు చెల్లదు. 1993లో అమలునకు వచ్చిన డెబ్బదిమూడవ రాజ్యాంగ సవరణలో చిన్న నీటివనరులు, భూసంరక్షణ, సామాజిక వనములు పంచాయతులకు అప్పగింపదగిన విషయములలో చేర్చబడినవి. బోరునకు అనుమతి పొందవలెనని 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము చెప్పుచున్నది. అదే యేటి జీవవైవిధ్య చట్టము క్రింద ప్రతి స్థానిక సంస్థయు ఒక సంఘమును నియమించి, ఊరి చెట్లను, విత్తనములను, పశుజాతులను పుస్తకమున వ్రాయవలెను. చాలచోట్ల ఆ పుస్తకము బీరువాలోనే యున్నది.

మన సంఘమునకు దీనితో పొత్తు గలదు. కేరళములోని మీనంగాడి పంచాయతివారు, చెట్టును నఱుకక కాపాడు రైతునకు సహకార బ్యాంకుద్వారా చెట్టుకు ఏటికి ఏబది రూపాయల చొప్పున వడ్డిలేని ఋణ మిచ్చు ఏర్పాటు చేసిరి. చెట్టు నిలిచినంతకాలము తీర్చ నక్కఱలేదు, కొట్టిననాడు తీర్చవలెను. మనము అంతదూరము పోలేకపోయినను, క్రొత్త బోరునకు పరపతి కోరు సభ్యుడు పొరుగు బావుల మట్టములను దరఖాస్తుతో జతపఱుపవలెనని సంఘము నియమము చేయవచ్చును. దీనికి కొందఱు నాపై కోపింతురని యెఱుగుదును.

మృగశిర కార్తెకు ముందే వర్షమాపకమును నిలుపుడు. చెట్టెంత ఎత్తో దానికి రెండింతల దూరమున, బయలున ఉండవలెను. నేనొకసారి నీడ కాశపడి వేపచెట్టు క్రింద పెట్టించితిని. ఆకుల మీది చుక్కలతో అంకెలన్నియు తప్పినవి, చూపినవాడు మేకలు కాచు పిల్లవాడు. దినము ఉదయము ఎనిమిదిన్నరకు చదివి వ్రాయుడు. బావులలో అయిదాఱింటిని ఏర్పఱచుకొని, నెలకొకసారి మోటారు వేయకముందు, బరువు కట్టిన తాడుతో మట్టము కొలిచి, తేదీతో పంచాయతి గోడపై వ్రాయింపుడు.