వెబ్‌పేజీలో ఫాంట్లు: తెలుగు, కోయ, గోండి

పోటీ పరీక్షల ప్రత్యేకం – కంప్యూటర్ పరిజ్ఞానం

సీఎస్ఎస్: వెబ్‌పేజీ రూపాన్ని నిర్ణయించే భాష. ప్రతిపాదన 1994, హోకన్ వీయుమ్ లీ. తొలి ప్రమాణం: 1996 డిసెంబరు 17, డబ్ల్యూ3సీ (వెబ్ ప్రమాణాల సంస్థ).

ఫాంట్-ఫ్యామిలీ: ఫాంట్ల వరుస. మొదటిది దొరక్కపోతే రెండోది. చివర సెరిఫ్, శాన్స్-సెరిఫ్ వంటి సాధారణ వర్గం.

ఫాంట్-వెయిట్: అక్షర మందం. మామూలు 400, బోల్డ్ 700. (తరచూ అడుగుతారు.)

వాఫ్2: వెబ్ ఫాంట్ల కుదింపు రూపం. డబ్ల్యూ3సీ ప్రమాణం 2018.

యూనికోడ్‌లో తెలుగు: 1991 తొలి వెర్షన్ నుంచీ ఉంది, 128 స్థానాలు.

మండలి: పాఠ్యానికి. రామభద్ర: శీర్షికలకు. రెండూ సిలికానాంధ్ర అందించిన ఉచిత ఫాంట్లు. మండలి పేరు, 1975 హైదరాబాద్ ప్రపంచ తెలుగు మహాసభల నిర్వాహకుడు మండలి వెంకట కృష్ణారావుది; ఆ మహాసభలతో జతచేసి అడగవచ్చు.

లైన్-హైట్: వరుస ఎత్తు. ఒత్తులు కింది వరుసను తాకకుండా తెలుగుకు ఇంగ్లిష్ కంటే ఎక్కువ కావాలి. ఇటాలిక్ తెలుగు సంప్రదాయం కాదు. బ్రౌజర్ అక్షరాన్ని ఊరికే వంచేస్తుంది, వాడకపోవడమే మేలు.

ఇక ఖమ్మం–భద్రాచలం వైపు మాట్లాడే కోయ, దానితో పొరబడే గోండి. ఇక్కడే అభ్యర్థులు తడబడతారు.

కోయ: దక్షిణ మధ్య ద్రావిడ భాష. భద్రాచలం ఉన్న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వైపు తెలుగు లిపిలో, ఒడిశాలోని మల్కన్‌గిరి వైపు ఒడియా లిపిలో రాస్తారు. కాబట్టి భద్రాచలం కోయ పేజీకి తెలుగు ఫాంటే చాలు. భాషా సంకేతం మాత్రం వేరు: కోయకు కేఎఫ్ఎఫ్, తెలుగుకు టీఈ.

గోండి: సొంత లిపులున్నాయి, వాటిలో రాస్తే ఆ లిపి ఫాంట్ తప్పనిసరి. మసరం గోండి యూనికోడ్ 10 (2017). గుంజాల గోండి యూనికోడ్ 11 (2018). ఈ లిపికి పేరిచ్చిన గుంజాల ఊరు ఆదిలాబాద్ ప్రాంతంలోది, భద్రాచలం ప్రాంతంలోది కాదు. జతపరచడంలో ఈ బిట్ ఖాయం అనుకోండి.