శ్రీచరణి

ఆటలు కాలక్షేపమునకే యనియు, అందును బాలికలకు అవి తగవనియు తలచువారు చిరకాలము ఉండిరి. ఆటనే వృత్తిగా స్వీకరించి, దానివలన జీవనమును కీర్తిని పొందిన స్త్రీలు పరదేశములందును అరుదే. అమెరికాలో 1943వ సంవత్సరమున స్త్రీలకై బేస్‌బాల్ లీగు ఒకటి వెలసెను. అందు బంతి విసరుటలో మేటి జీన్ ఫౌట్ అను నామె. ప్రత్యర్థులలో ఒక్కరినైనను మొదటి బేసు చేరనీయక ఆట ముగించుట మిక్కిలి అపూర్వము. 1951లోను, 1953లోను ఆమె ఆ ఘనతను సాధించెను. కాని 1954తో ఆ లీగే అంతరించెను. ఎంత నేర్పున్నను ఆడుటకు వేదిక లేనిచో ఆ విద్య రాణింపదు.

మన దేశమున స్త్రీల క్రికెట్టునకు 1973లో ఒక సంఘము ఏర్పడెను. 2006లో అది భారత క్రికెట్ నియంత్రణ మండలిలో విలీనమయ్యెను. 2023లో మహిళా ప్రీమియర్ లీగు ఆరంభమయ్యెను. ఆ వేదికపై వెలుగులోనికి వచ్చిన తెలుగు బాలిక శ్రీచరణి.

నల్లపురెడ్డి శ్రీచరణి 2004 ఆగస్టు 4న జన్మించెను. కడప జిల్లా వీరపునాయునిపల్లె మండలమందలి ఎర్రమల్లె ఆమె గ్రామము. తండ్రి రాయలసీమ థర్మల్ విద్యుత్కేంద్రమున ఉద్యోగి. బాల్యమున ఆమె మేనమామతో కూడి ఇంటివద్ద క్రికెట్టు ఆడుచుండెను. ఆ ఆటను శ్రద్ధతో అభ్యసింప పూనుకొనునప్పటికి ఆమెకు పదునారేండ్లు. తల్లి వెంటనే సమ్మతించెను. తండ్రి మనస్సు మెత్తబడుటకు మాత్రము ఒక సంవత్సరము పట్టెను.

మొదట ఆమె వేగముగా బంతి వేయుచుండెను. వికెట్లు చిక్కలేదు. అందులకు ఆమె క్రుంగిపోక, తనకు తగిన మార్గమును వెదకుకొని స్పిన్ వైపు మరలెను. ఎడమచేతి స్పిన్నరు వేసిన బంతి కుడిచేతి బ్యాటరు ముందు పడి వెలుపలికి తిరుగును. వేగము తక్కువగుటచే ఆ బంతి ఎచ్చట పడవలెనో, ఎంత ఎత్తున పోవలెనో ప్రతిసారియు యోచింపవలెను. జానెడు పొరబడినను అది హద్దు దాటును. కావున ఈ విద్యకు భుజబలము కంటె ఓర్పు ముఖ్యము.

2024 డిసెంబరులో జరిగిన వేలమున ఆమె కనీసపు వెల 10 లక్షల రూపాయలు. ఢిల్లీ క్యాపిటల్స్ జట్టు ఆమెను 55 లక్షలకు తీసికొనెను. 2025 ఏప్రిల్ 27న కొలంబోలో శ్రీలంకపై ఆమె భారతజట్టున తొలిసారి ఆడెను. జూన్ 28న నాటింగ్‌హామ్ నగరమున ఇంగ్లండుపై తన మొదటి ఇరువది ఓవర్ల ఆటలోనే 12 పరుగులిచ్చి 4 వికెట్లు పడగొట్టెను. ఆ పోటీల వరుసలో మొత్తము 10 వికెట్లు గైకొని, ఉత్తమ క్రీడాకారిణిగా ఎన్నికయ్యెను.

ఆ యేడే ప్రపంచకప్పు పోటీలు మన దేశమున జరిగెను. అక్టోబరు 12న విశాఖపట్టణమున భారతజట్టు 330 పరుగులు చేసెను. ఆస్ట్రేలియా దానిని దాటి గెలిచెను. ఆ పరుగుల వెల్లువలోను శ్రీచరణి 10 ఓవర్లలో 41 పరుగులే ఇచ్చి 3 వికెట్లు తీసెను. జట్టు వరుసగా మూడు ఆటలు ఓడెను. అయినను ఎవరును ధైర్యము వీడలేదు. సెమీఫైనలులో అదే ఆస్ట్రేలియాను ఓడించి, నవంబరు 2న నవీ ముంబయిలో దక్షిణాఫ్రికాను 52 పరుగులతో గెలిచి, భారతజట్టు కప్పును చేపట్టెను. సికింద్రాబాదులో పెరిగిన మిథాలీ రాజ్ నాయకత్వమున 2005లోను, 2017లోను తుదిపోరు వరకు చేరియు అందుకొనలేని కప్పు అది. ఆ పోటీలలో శ్రీచరణి 14 వికెట్లు తీసెను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆమెకు రెండున్నర కోట్ల రూపాయలను, గ్రూపు-1 ఉద్యోగమును, కడపలో ఇంటిస్థలమును ప్రకటించెను.

బాలబాలికలారా! ఒక మార్గమున ఫలింపని శ్రమ వేరొక మార్గమున ఫలింపవచ్చును. తనకు తగినదేదో గుర్తెరిగి, జట్టు ఓడిన దినమునను తన పని తాను చక్కగా చేయువారికే గెలుపు దినమున నిజమైన పాలు లభించును.

ప్రశ్నలు

1. శ్రీచరణి వేగపు బంతిని విడిచి స్పిన్ వైపు ఏల మరలెను?
2. విశాఖపట్టణపు ఆటలో జట్టు ఓడినను ఆమె ఆట ఏల మెచ్చదగినది?
3. జీన్ ఫౌట్ కాలపు స్థితికిని, శ్రీచరణి కాలపు స్థితికిని గల భేదమును వ్రాయుము.