ప్రశ్నలు - జవాబులు: సంత చూశాకే మెనూ

ప్రశ్న: మేం నలుగురం. శుక్రవారం అల్ మజ్రూఆ రైతు సంతకి వెళ్తే చవకగా ఉన్నాయని టమాటా, కీరా, వంకాయ పెట్టెలకు పెట్టెలే తెచ్చేస్తాం. బుధవారానికి సగం చెత్తబుట్టలోకే. వారం మెనూ ముందే రాసుకుని వెళ్తున్నా ఇదే తంతు. మావారు "డబ్బు దండగ" అని సణుగుతారు.
– ఒక గృహిణి, అల్ వక్రా, ఖతర్

జవాబు: ముందే రాసుకోవడమే ఇక్కడ పొరపాటు. ఇంట్లో కూర్చుని దొండకాయ వేపుడు, గోరుచిక్కుడు కూర అని రాసుకుంటారు. సంతలో అవి కనిపించవు, చవకగా కనిపించినవేవో సంచిలో పడతాయి. మర్నాడు సూపర్ మార్కెట్‌కి వెళ్ళి విమానంలో వచ్చిన దొండకాయలు కొంటారు. ఒకే వారానికి రెండు సంతలు చేస్తే ఒకటి కుళ్ళక ఏమవుతుంది? ముందు సంత చూడండి, మెనూ తర్వాత రాయండి. అన్నట్టు, చలికాలం సీజన్లో మీ అల్ వక్రాలోనే రైతు సంత పెడతారు. అల్ ఖోర్, అల్ షహానియా, అల్ షమాల్‌లోనూ ఉంటాయి. దగ్గర్లో సంత ఉన్నవాళ్ళకి పెట్టెల మీద ఆశ ఎందుకు? చాలినంతే తెచ్చుకోవచ్చు.

ఇక వండే వరస. ఖతర్‌లో ఆదివారంతో పని వారం మొదలవుతుంది కాబట్టి శుక్రవారం తెచ్చినవి గురువారం దాకా రావాలి. ఆకుకూరలు శని, ఆదివారాల్లోనే అయిపోవాలి. కట్టలకున్న రబ్బరు బ్యాండు తీసేసి, కడగకుండా, పొడి గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి. కడిగి పెడితే మర్నాటికే నల్లబడతాయి. సోమ, మంగళవారాలు కీరా, వంకాయ, కూసా (జుకినీ)లకి. కీరాని ఫ్రిజ్‌లో మరీ చల్లటి అరలో పెడితే నీరుగారిపోతుంది, తలుపు అరే మేలు. పచ్చి టమాటా పండేదాకా బయటే ఉండాలి. క్యాబేజీ, బీట్‌రూట్, గుమ్మడి వారం చివరికి. టమాటా మిగిలేలా ఉంటే ఆదివారం రాత్రే చింతపండు వేసి నిల్వ పచ్చడి చేసేయండి. మెత్తబడేదాకా ఆగితే అది పచ్చడికీ పనికిరాదు. ఆకు వలవడం, కాయలు తరగడం సణిగే మనిషికి అప్పజెప్పండి. తరిగినవాళ్ళకి పారేయడానికి చేతులు రావు.

అసలు చెప్పాల్సింది వేరే ఉంది. మనవాళ్ళు ఈ సంతల్లో తెలిసిన కూరల్నే వెతుకుతూ, తెలిసినవే పక్కన పడి ఉన్నా గుర్తుపట్టరు. గల్ఫ్‌లో బర్బీర్ అనో బఖ్లా అనో అమ్మే కట్ట విప్పి చూడండి. దళసరి చిన్న ఆకులు, ఎర్రటి కాడలు, కాస్త పులుపు. అది తెలంగాణ ఇళ్ళలో పప్పులో వేసే గంగవాయిలి కూరే! కూసాని లేతగా ఉన్నప్పుడు శనగపప్పుతో వండితే బీరకాయ లోటు తెలియదు, ఆ చెక్కుతో పచ్చడి కూడా అవుతుంది. ములుఖియా ఆకు జిగురుగా ఉంటుందని వదిలేస్తారు. బెండకాయ జిగురుకి చింతపండు వేసే చేతులు దానికీ వేయలేవా? జర్జీర్ ఆకు ఘాటు కూడా కందిపప్పులో ఉడికితే తగ్గుతుంది.

ఏడాదికి 8 సెంటీమీటర్ల వాన కూడా పడని నేల ఇది. 2017 జూన్ 5న పొరుగు దేశాలు ఖతర్‌కి దారులు మూసేసి, అబూ సమ్రా సరిహద్దులో సౌదీ వైపు నుంచి లారీలు ఆగిపోయినప్పుడు దోహాలో జనం దుకాణాలకు పరిగెత్తారు. రైతు సంతలు అంతకు ముందే ఉన్నా, వాటి విలువ చాలామందికి తెలిసొచ్చింది అప్పుడే. ఇక్కడి రైతు ఉప్పు తేలే నీటితో, గ్రీన్‌హౌస్‌ల్లో తంటాలు పడి పండించినదాన్ని ముందు కొనడం, తర్వాతే విమానంలో వచ్చినదాని వైపు చూడడం ఇక్కడ బతుకుతున్న వాళ్ళ బాధ్యత.

ప్రశ్న: గోంగూర లేకుండా వారం ఎలా గడుస్తుంది?
– పాఠకుడు, దోహా

జవాబు: కుండీలో గింజలు చల్లండి.

ప్రశ్న: ఇండస్ట్రియల్ ఏరియాలో ఒకే గదిలో ఎనిమిది మందిమి ఉంటాం, వంతులేసుకుని వండుకుంటాం. ఇలాంటి సలహాలు కుటుంబాలు ఉన్నోళ్ళకేనా?
– జగిత్యాల జిల్లా వాసి

జవాబు: కాదన్నా. నిజానికి ఆ పెట్టెలు మీకోసమే. నలుగురున్న ఇంట్లో కుళ్ళిపోయే టమాటా పెట్టె ఎనిమిది మంది గదిలో మిగలకుండా అయిపోతుంది. అందరూ సెలవు పాడుచేసుకోనక్కర్లేదు. శుక్రవారం వంతు ప్రకారం ఇద్దరు వెళ్ళి పెట్టెలు తెస్తే ఖర్చు ఎనిమిది వాటాలు. వెళ్ళే ముందు వాణిజ్య మంత్రిత్వ శాఖ రోజూ ప్రకటించే కూరగాయల ధరలు ఫోన్‌లో చూసుకోండి, బేరానికి పనికొస్తుంది. తెల్లారుజామున వండి సైటుకి తీసుకెళ్ళే డబ్బాలో మాత్రం ఆకుకూర పప్పు పెట్టుకోవద్దు. మధ్యాహ్నానికి పాడవుతుంది. చింతపండు పడ్డ వంకాయ పులుసు, నీళ్ళు లేకుండా వేయించిన కూసా అంతకన్నా నిలుస్తాయి. పప్పు, ఆకుకూర రాత్రి తిండికి ఉంచుకోండి. ఒంటరిగా ఉన్నామని అన్నంలోకి పచ్చి మిరపకాయ, ఊరగాయతో సరిపెట్టే తమ్ముళ్ళెవరైనా గదిలో ఉంటే, మీరే పట్టుబట్టి కూర వడ్డించండి.

ప్రశ్న: ఏప్రిల్ దాటితే ఏం చేయాలి?
– గృహిణి, అల్ ఖోర్

జవాబు: సీజన్ సంతలు ముగిసినా చల్లబరిచిన గ్రీన్‌హౌస్‌ల కీరా, టమాటా దుకాణాల్లో ఉంటాయి. లేబుల్ మీద ఖతర్ అని ఉందో లేదో చూసి కొనండి. జూలై, ఆగస్టుల్లో తాజా ఖర్జూరాలు వస్తాయి. పిల్లల సాయంత్రం చిరుతిండికి బిస్కెట్లు మానేసి అవి పెట్టండి.