పాడి, ఆహార తయారీ చదువులకు ఉపకార వేతనం: ఇంటివారు చేయవలసినది, సంఘం చేయవలసినది

(సంఘ సమావేశంలో చదివి వినిపించడానికి)

ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చిన వారం పది రోజులకు మన కార్యదర్శులను సభ్యులు అడిగే ప్రశ్న ఒకటున్నది. "మా అమ్మాయి పాల ఫ్యాక్టరీకి సంబంధించిన చదువు చదువుతానంటున్నది. స్కాలర్‌షిప్పు ఎక్కడ ఇస్తారు?" అని. ప్రశ్న మంచిదే. కాని అడగవలసిన సమయానికి ఒక ఏడాది ఆలస్యంగా వస్తున్నది. మార్కులు చాలక ఉపకార వేతనం పోగొట్టుకునేవారున్నారు. మార్కులుండి, కాగితం వేళకు అందక పోగొట్టుకునేవారూ ఉన్నారు. ఈ రెండవ నష్టాన్ని మన సంఘాలు పూర్తిగా ఆపగలవు. ఈ పాఠంలో ఆ సంగతే చెప్పదలచాము.

ఒక ఉపకార వేతనం వలన ఏమి జరిగింది?

డాక్టర్ వర్గీస్ కురియన్ పేరు తెలియని పాడి సంఘం ఉండదు. ఆయన పాడి పరిశ్రమకు తానుగా కోరి రాలేదు. లోహశాస్త్రం చదవాలనుకున్నారు. ప్రభుత్వం మాత్రం పాడి ఇంజినీరింగుకు ఉపకార వేతనమిచ్చి అమెరికాలోని మిషిగన్‌కు పంపింది. తిరిగివచ్చాక ప్రభుత్వం చెప్పినచోట పనిచేయాలన్న ఒప్పందం ప్రకారం 1949లో గుజరాత్‌లోని ఆనంద్ చేరారు. అక్కడ చదివిన మిత్రుడు హెచ్.ఎం. దలాయాను తరువాత ఆనంద్‌కు రప్పించారు. గేదె పాలతో పొడి చేయడం సాధ్యం కాదని విదేశీ నిపుణులు చెబుతున్న కాలమది. దలాయా చేసి చూపించారు. 1955లో ఆనంద్‌లో పాలపొడి కర్మాగారం ప్రారంభమైంది.

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో మనం పోసేది ఎక్కువగా గేదె పాలే. శీతకాలంలో పాలు పొంగిపొర్లినప్పుడు పొడి చేసి నిలవ ఉంచగలగడం వల్లనే కొనుగోలు ఆగకుండా సాగుతున్నది. చదువుకున్నవాని నేర్పు పాలు పోసేవాని గిన్నెదాకా వస్తుందనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

ఈ చదువు పాలతో ఆగిపోయేది కూడా కాదు. మన మిరపకాయ కల్లంలో తడిసి బూజు పడితే అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. దానిని పరీక్షించేవారు, నివారించే పద్ధతి చెప్పేవారు ఆహార సాంకేతిక శాస్త్రం చదివినవారే. ఎడ్లపాడు దగ్గరి స్పైసెస్ పార్కువంటి చోట్ల, పాల కర్మాగారాల ప్రయోగశాలల్లో ఇటువంటివారి అవసరమున్నది. ఆ పనులకు మన పల్లె పిల్లలే వెళ్ళాలని మా కోరిక.

ఎక్కడ చదవవచ్చు?

పాడి సాంకేతిక శాస్త్రంలో బి.టెక్. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద ఉన్నది. ఆహార సాంకేతిక శాస్త్రానికి ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి కళాశాల మన బాపట్లలోనే ఉన్నది. కామారెడ్డిలోని పాడి సాంకేతిక కళాశాల ఇప్పుడు తెలంగాణలో ఉన్నది. 2014 విభజన తరువాతి పదేళ్ళ గడువు 2024తో ముగిసినది కనుక అక్కడి రాష్ట్ర కోటా సీటును మనవారు లెక్కలో పెట్టుకోరాదు. హర్యానాలోని కర్నాల్ జాతీయ పాడి పరిశోధన సంస్థకు అఖిల భారత పరీక్ష ద్వారా వెళ్ళవచ్చు. మన రాష్ట్ర సీట్లకు ఈఏపీసెట్ ర్యాంకు ముఖ్యం. ఏ గ్రూపువారు ఏ కోర్సుకు అర్హులో ఆ ఏటి ప్రకటనలో చూసుకొనవలెను.

ఏ సహాయం ఎవరికి?

1. ఫీజు రీయింబర్స్‌మెంటు. ఇది రాష్ట్ర ప్రభుత్వ పథకం. కుటుంబ వార్షికాదాయం 2.5 లక్షల రూపాయలు మించరాదు. హాజరు 75 శాతం ఉండాలి. సీటు కన్వీనర్ కోటాలో వచ్చి ఉండాలి. యాజమాన్య కోటాలో చేరినవారికి ఇది వర్తించదు. "ఏదో ఒక సీటు, ఫీజు తరువాత చూసుకుందాం" అని యాజమాన్య కోటాలో చేర్చేముందు ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి. కౌలు రైతుకు సొంత పొలం లేకపోవడం ఈ పథకానికి అడ్డు కాదు.

2. కేంద్ర ప్రభుత్వ ప్రతిభా ఉపకార వేతనం. ఇంటర్మీడియట్‌లో తమ బోర్డు విద్యార్థులలో నూటికి ఎనభై మంది కంటే పైన నిలిచి, కుటుంబాదాయం 4.5 లక్షలు మించనివారికి ఏడాదికి 12,000 రూపాయలు ఇస్తారు. నాలుగేళ్ళ వృత్తి కోర్సులో చివరి ఏడు 20,000. దీనికి జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. అయితే రాష్ట్ర ఫీజు రీయింబర్స్‌మెంటు గాని, మరొక ఉపకార వేతనం గాని పొందుతున్నవారికి ఇది లేదు. రెండింటికీ దరఖాస్తు పెట్టి, రెండూ వస్తాయని ఖర్చు లెక్క వేసుకోవద్దు. ఏది ఎక్కువ మేలో ముందే తేల్చుకోండి.

3. జాతీయ ప్రతిభా ఉపకార వేతనం. భారత వ్యవసాయ పరిశోధన మండలి పరీక్ష ద్వారా సొంత రాష్ట్రం వెలుపల సీటు పొంది చేరినవారికి నెలకు 3,000 రూపాయలు. కర్నాల్‌వంటి దూరపు చోటికి పంపడానికి జంకే తల్లిదండ్రులు ఈ సంగతి తెలుసుకోవాలి.

వ్యవసాయ విశ్వవిద్యాలయ ప్రవేశాలలో రైతుల పిల్లలకు ప్రత్యేక కోటా కూడా ఉన్నది. ఇది డబ్బు సాయం కాదు, సీటు సాయం. సొంత భూమికి, పల్లెలో చదివిన సంవత్సరాలకు రుజువులు చూపాలి. మీరు కోరే కోర్సుకు వర్తించేదీ లేనిదీ ప్రకటనలో చూడండి.

కాగితాలు ఎప్పుడు సిద్ధం చేయాలి?

ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం మొదలైన నెలలోనే అన్నది మా సమాధానం. పదవ తరగతి సర్టిఫికెట్‌లో ఉన్న పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో అక్షరం తేడా లేకుండా ఉన్నాయా? విద్యార్థి పేరన బ్యాంకు ఖాతా ఉండి, దానికి ఆధార్ ముడిపడి ఉందా? ఆదాయ, కుల ధ్రువపత్రాలున్నాయా? ఆరవ తరగతి మొదలు చదివిన బడుల స్టడీ సర్టిఫికెట్లున్నాయా? ఈ నాలుగు ప్రశ్నలకు "ఉన్నాయి" అని చెప్పగలిగిన ఇల్లు సగం పని పూర్తి చేసినట్లే.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారి, పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల ఊళ్ళు కొన్ని బాపట్ల జిల్లాలోకి, కొన్ని పల్నాడు జిల్లాలోకి వెళ్ళినవి. పాత కాగితంలో ఒక జిల్లా, కొత్త కాగితంలో మరొక జిల్లా ఉంటే సచివాలయంలో ముందే అడిగి సరిచేయించుకొనండి. చివరి తేదీనాడు కంప్యూటరు ముందు నిలబడి సరిచేయించే పని కాదది.

ఆదాయం ఉన్నది ఉన్నట్లు చెప్పండి. ఒక ఏడు పత్తి, మిర్చి ధర పలికి ఆదాయం హద్దు దాటితే ఆ ఏటికి దాటినట్లే. తప్పు కాగితంతో తెచ్చుకున్న సీటు చదువు మధ్యలో చిక్కు తెస్తుంది.

దరఖాస్తు ఒక్కసారితో తీరదు. చేరిన తరువాత కళాశాల ద్వారా జ్ఞానభూమిలో పేరు నమోదు కావాలి. ప్రతి సంవత్సరం కొనసాగింపు చూసుకోవాలి. హాజరు తగ్గితే వచ్చేది ఆగిపోతుంది.

డబ్బు వచ్చేదాకా ఎలా?

అసలు చిక్కు ఇక్కడున్నది. కళాశాలలో చేరే ఆగస్టు, సెప్టెంబరు నెలల్లోనే మిరప నారు నాటాలి, పత్తికి ఎరువు, మందు కొనాలి. పత్తి తీతలు అప్పటికి మొదలు కావు. మిరప టిక్కీలు యార్డుకు చేరేది సంక్రాంతి దాటాకనే. ప్రభుత్వ ఫీజు డబ్బు కూడా చేరిన రోజునే రాదు, విడతలుగా వస్తుంది. జమ పద్ధతి కూడా మారుతూ వచ్చింది. 2021లో తల్లుల ఖాతాలకు వేశారు. 2024లో తిరిగి కళాశాలల ఖాతాలకే అన్నారు. ఏ పద్ధతైనా హాస్టలు అడ్వాన్సు, పుస్తకాలు, ప్రయాణం ముందు మనమే పెట్టుకోవాలి. ఆ నెలల్లో చేతికి వచ్చేది పాల బిల్లు ఒక్కటే. అది కూడా దాణాకు, ఇంటి ఖర్చుకు పోతే, మిగిలేది వడ్డీ వ్యాపారి గుమ్మమే.

కనుక మా సూచన ఇది. బిడ్డ ఇంటర్మీడియట్‌లో చేరిన రోజునుండి రోజుకు ఒక లీటరు పాల డబ్బు ఆ బిడ్డ ఖాతాకు పంపండి. రెండేళ్ళలో 730 లీటర్ల డబ్బు నిలుస్తుంది. ఉపకార వేతనం వచ్చేలోగా ఇల్లు దాటవలసిన వాగుకు అదే వంతెన.

సంఘం ఏమి చేయాలి?

పాలకవర్గం ఒక పుస్తకం తెరవాలి. ఇంటర్మీడియట్ చదివే సభ్యుల పిల్లల పేర్లు, పైన చెప్పిన నాలుగు ప్రశ్నలకు సమాధానాలు అందులో రాయాలి. చదువుకున్న యువకునికో యువతికో ఆ బాధ్యత అప్పగించాలి. ప్రకటన వచ్చిన రోజున పాలకేంద్రం గోడమీద చివరి తేదీ పెద్ద అక్షరాలతో రాయించాలి. ఉదయం, సాయంత్రం పాలు పోయడానికి వచ్చే తల్లి దానిని రోజుకు రెండుసార్లు చూస్తుంది. చదవలేని తల్లికి పాలు కొలిచేవారు చదివి చెప్పాలి.

చర్చకు ప్రశ్నలు

1. మన సంఘంలో ఈ ఏడు ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదివేవారు ఎందరు? అందులో ఆడపిల్లలు ఎందరు?

2. వారిలో ఆధార్, పదవ తరగతి సర్టిఫికెట్ పేర్లు కలవనివారు ఎవరు?

3. రోజుకు ఒక లీటరు పొదుపును పాల బిల్లునుండే మినహాయించడానికి సభ్యులు అంగీకరిస్తారా?

4. గోడమీద తేదీలు రాసే పని ఎవరిది?

నాలుగవ ప్రశ్నకు పేరు తేలిన తరువాతనే సమావేశం ముగించవలసినదిగా కోరుతున్నాము.