గడువు దాటిన మెయింటెనెన్స్ పనులకు ఫోన్‌లోనే ఆటోమేటిక్ అలర్ట్: గూగుల్ షీట్స్, టెలిగ్రామ్‌తో స్టెప్ బై స్టెప్

బోరు మోటర్ స్టార్టర్ చెక్ చేయాల్సిన తేదీ, జనరేటర్ ఆయిల్ మార్చాల్సిన తేదీ, ఆర్‌ఓ ప్లాంట్ ఫిల్టర్ మార్చాల్సిన తేదీ... ఇవన్నీ ఎక్కడో ఒక రిజిస్టర్‌లో రాసే ఉంటాయి. సమస్యల్లా ఆ రిజిస్టర్‌ను ఎవరూ తెరవకపోవడమే. పెద్ద కంపెనీల్లో దీనికి సీఎంఎంఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. ప్రతి పనికీ ఒక వర్క్ ఆర్డర్ తీస్తుంది, గడువు దాటితే సంబంధిత వాళ్లకు మెసేజ్ కొడుతుంది. అదే పనిని రూపాయి ఖర్చు లేకుండా ఎలా చేసుకోవచ్చో ఈ ఆర్టికల్‌లో చూద్దాం. బేతంచెర్లలో తెలిసినవాళ్ల బండల పాలిషింగ్ యూనిట్‌కు నేను చేసిచ్చిన సెటప్ ఇదే.

ఇంత అవసరమా?

2021 నవంబర్ 19న కడప జిల్లాలో చెయ్యేరు మీదున్న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయింది. దిగువ ఊళ్లలో చాలామంది ప్రాణాలు పోయాయి. స్పిల్‌వేకున్న ఐదు గేట్లలో ఒకటి పనిచేయలేదని అప్పటి కేంద్ర జలశక్తి మంత్రి గజేంద్ర సింగ్ షెకావత్ రాజ్యసభలో చెప్పారు. ప్రాజెక్టు తట్టుకోగలిగిన దానికంటే వరద ఎక్కువే వచ్చింది కాబట్టి, ఒక్క గేటు వల్లే అంతా జరిగిందని అనలేం.

కానీ ఒకటి గమనించండి. మన సీమలో వాన లేక ఏళ్లు గడుస్తాయి, వచ్చిన రోజు ఒక్కసారే మీద పడుతుంది. రోజూ వాడే మెషీన్ చెడిపోతే వెంటనే తెలుస్తుంది. ఎప్పుడో ఒకసారి వాడే గేటు, పంపు, జనరేటర్ రిపేరు మాత్రం "చూద్దాంలే" అని వాయిదా పడుతూనే ఉంటుంది. అలర్ట్ ఎక్కువ అవసరమయ్యేది వాటికే.

స్టెప్ 1: షీట్

గూగుల్ షీట్‌లో ఈ కాలమ్స్ పెట్టండి: వర్క్ ఆర్డర్ నంబర్, మెషీన్, చేయాల్సిన పని, అసలు గడువు, కొత్త గడువు, వాయిదా కారణం, బాధ్యుడు, స్టేటస్, పూర్తయిన తేదీ.

సెట్టింగ్స్‌లో లొకేల్ ఇండియా, టైమ్ జోన్ కోల్‌కతా అని మార్చండి. లొకేల్ అమెరికా అని ఉంటే 05-04ను ఏప్రిల్ 5 బదులు మే 4గా తీసుకుంటుంది. నెల రోజులు అలర్టే రాదు.

ముఖ్యమైనది: "అసలు గడువు" కాలమ్‌ను ప్రొటెక్ట్ చేయండి. చాలాచోట్ల పని కాకపోతే గడువు తేదీనే ముందుకు జరిపేస్తారు. షీట్ పచ్చగా కనిపిస్తుంది, మెషీన్ మాత్రం అలాగే ఉంటుంది. వాయిదా వేయాలంటే కొత్త గడువు, కారణం రెండూ రాయాలి. అసలు గడువు నుంచి ఎన్ని రోజులైందో మాత్రం లెక్క ఆగకూడదు.

స్టెప్ 2: లెక్క

ఇంకో కాలమ్‌లో టుడే ఫంక్షన్‌తో ఈరోజు తేదీలోంచి అసలు గడువును తీసేయండి. స్టేటస్ "పూర్తి" అయితే ఖాళీగా వదిలేయాలి. వచ్చిన నంబర్ సున్నా కంటే ఎక్కువైతే పని గడువు దాటినట్టే.

జనరేటర్ లాంటివాటికి తేదీ ఒక్కటే సరిపోదు. ఎన్ని గంటలు నడిచిందో కూడా రాయించండి. ఇన్ని నెలలు లేదా ఇన్ని గంటలు, ఏది ముందొస్తే అదే గడువు.

స్టెప్ 3: టెలిగ్రామ్ బాట్

టెలిగ్రామ్‌లో బాట్‌ఫాదర్ అని సెర్చ్ చేసి కొత్త బాట్ క్రియేట్ చేస్తే ఒక టోకెన్ ఇస్తుంది. అది పాస్‌వర్డ్ లాంటిది, ఎవరికీ ఫార్వర్డ్ చేయొద్దు. అలర్ట్ అందాల్సిన ప్రతి ఒక్కరూ ఆ బాట్‌ను తెరిచి ఒకసారి స్టార్ట్ నొక్కాలి. లేదంటే బాట్ వాళ్లకు మెసేజ్ పంపలేదు.

ఎస్ఎంఎస్ ఎందుకు వద్దంటే, సర్వీస్ ద్వారా ఆటోమేటిక్‌గా పంపాలంటే ఇండియాలో డీఎల్‌టీ రిజిస్ట్రేషన్ కావాలి. చిన్న యూనిట్‌కు ఆ తలనొప్పి అనవసరం.

స్టెప్ 4: యాప్స్ స్క్రిప్ట్

షీట్‌లో ఎక్స్‌టెన్షన్స్ మెనూలో యాప్స్ స్క్రిప్ట్ ఉంటుంది. లాజిక్ సింపుల్: ప్రతి వరుసా చదువు, పూర్తికానివి, గడువు దాటినవి ఏరు, ఒక్కొక్కరికి ఒకే మెసేజ్‌గా కలిపి పంపు. కోడింగ్ రాకపోతే జెమినైకి ఇదే మాట చెప్పండి, రాసిస్తుంది. టోకెన్ మాత్రం అక్కడ పేస్ట్ చేయకుండా స్క్రిప్ట్ ప్రాపర్టీస్‌లో పెట్టండి.

తర్వాత ట్రిగ్గర్స్‌లో డే టైమర్ సెట్ చేయండి. 7 నుంచి 8 మధ్య అని పెడితే ఆ గంటలో ఎప్పుడైనా రన్ అవుతుంది, సరిగ్గా ఏడింటికే అనుకోవద్దు.

మెసేజ్ ఇలా ఉంటే చాలు: "2వ బోరు మోటర్, స్టార్టర్ చెకింగ్, 4 రోజులు దాటింది. వాయిదా 1 సారి."

స్టెప్ 5: ఎవరికి, ఎప్పుడు?

అందరికీ అన్నీ పంపితే వారంలో అందరూ మ్యూట్ చేస్తారు. నేను పెట్టిన వరుస ఇది: గడువుకు ముందు రోజు, దాటిన రోజు మెకానిక్‌కు, 3 రోజులు దాటితే సూపర్‌వైజర్‌కు, 7 రోజులు దాటితే ఓనర్‌కు. ప్రమాదం ఉన్న పనులైతే మొదటి రోజే ఓనర్‌కు.

గడువు దాటినవి ఏమీ లేకపోయినా ఓనర్‌కు "ఈరోజు పెండింగ్ 0" అని రావాలి. అది కూడా రాలేదంటే స్క్రిప్టే ఆగిపోయిందని అర్థం.

స్టెప్ 6: ఫోన్ సెట్టింగ్స్

షావోమి, రియల్‌మీ, వివో ఫోన్లలో బ్యాటరీ ఆదా కోసం టెలిగ్రామ్‌ను బ్యాక్‌గ్రౌండ్‌లో ఆపేసే అవకాశం ఉంది. ఆటోస్టార్ట్ ఆన్ చేసి, బ్యాటరీ ఆప్షన్‌లో "నో రిస్ట్రిక్షన్స్" పెట్టండి. పేర్లు మోడల్‌ను బట్టి కొంచెం మారతాయి.

చివరగా టెస్ట్: నిన్నటి గడువుతో ఒక డమ్మీ పని రాసి, స్క్రిప్ట్ రన్ చేసి, ఫోన్ లాక్‌లో ఉన్నప్పుడు మోగుతుందో లేదో చూడండి. వర్క్ అయితే మొదట అయిదు మెషీన్లతోనే మొదలుపెట్టండి. అందులో కనీసం రెండు, ఏడాదికోసారి కూడా వాడనివి ఉండేలా చూసుకోండి.